అరుదైన ఐసోటోపులకు తక్కువ శక్తి ఎందుకు?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఈమధ్య ఒక పీహెచ్‌డీ ప్రకటన చూశాను. అంశం "తక్కువ శక్తి గల అరుదైన ఐసోటోపు పుంజాలతో అసాధారణ కేంద్రకాల అధ్యయనం". ప్రపంచమంతా పెద్ద శక్తుల వెంట పడుతుంటే ఈ తక్కువ శక్తి ఏమిటి? పాతబడిన రంగంలో ఇరుక్కుపోతానా? మన తీరంలోని నల్ల ఇసుకలోనే రేడియోధార్మిక పదార్థం ఉందంటారు కదా, మళ్లీ అంత పెద్ద యంత్రాలు దేనికి? నాన్నగారికి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఇంట్లో బీఎడ్ చేసి ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు అడిగిన వాటిలో నల్ల ఇసుక ప్రశ్న అన్నిటికన్నా పదునైనది. కాస్త మొహమాటంగా అడిగినట్టున్నారు గానీ, ఇంటర్వ్యూ బల్లకు అవతల నేనుంటే ఆ ఒక్క ప్రశ్నకే మంచి మార్కులు వేసేవాణ్ణి. అక్కడికి చేరాలంటే ముందు ఈ పుంజాలు ఎలా తయారవుతాయో, వాటితో ఏం కొలుస్తారో తెలియాలి. నేను పాలకొల్లు పక్క పల్లెలో పుట్టి, ఉద్యోగ జీవితమంతా త్వరణ యంత్రాల దగ్గర గడిపి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. తీరిక ఉంది కాబట్టి కాస్త విస్తారంగానే చెబుతాను.

జెనీవా దగ్గరి కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ఒక్కో ప్రోటాన్‌కు 6.8 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిస్తుంది. పత్రికల్లో ఫొటోలు దానివే వస్తాయి. అదే ప్రాంగణంలో ఐసోల్డే అనే కేంద్రం 1967 నుంచి పనిచేస్తోంది. అక్కడ ప్రయోగం చేసేవాళ్ల చేతికి అందే అయాన్ శక్తి సాధారణంగా 30 వేల నుంచి 60 వేల ఎలక్ట్రాన్ వోల్టులు, అంతే. కొలైడర్ వాళ్లు ప్రోటాన్లను ఢీకొట్టి ఇంతవరకూ ఎవరూ చూడని కణాలేమైనా పుడతాయేమో చూస్తారు. మేము చూసేది కేంద్రకాన్ని. దాని బరువెంత, పరిమాణమెంత, గుండ్రంగా ఉందా, కోలగా ఉందా, ఎంతసేపు బతుకుతుంది, పోతూ పోతూ ఏం విసిరి పోతుంది? ఇవి తెలియాలంటే దాన్ని కాసేపు నిలబెట్టాలి. దూసుకుపోతున్న కేంద్రకాన్ని కూడా తూచవచ్చు, తూస్తున్నారు కూడా. కానీ నిలబెట్టి తూచినంత కచ్చితంగా సాధారణంగా రాదు.

కాబట్టి పెద్ద శక్తి మాకూ కావాలి, కేంద్రకాన్ని పుట్టించేంత వరకు. పుట్టిన మరుక్షణం నుంచి పనంతా ఆ శక్తిని వదిలించడమే. ఎలక్ట్రాన్ వోల్టులు కోట్లలో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఒకటి రెండుకు దించాలి. అదీ ఆ కేంద్రకం చచ్చిపోయేలోపు. ఈ రంగంలో నైపుణ్యమంతా అక్కడే ఉంది. ప్రకటనలో "తక్కువ శక్తి" అని రాసినవారి ఉద్దేశం కూడా అదే.

ఇక అసాధారణ కేంద్రకాల సంగతి, అంటే న్యూట్రాన్లు మామూలుకన్నా మరీ ఎక్కువో, మరీ తక్కువో ఉన్నవి. ప్రకృతిలో క్షీణించకుండా నిలిచే కేంద్రకాలు దాదాపు 250. ప్రయోగశాలల్లో ఇప్పటివరకు గుర్తించినవి 3,300 పైచిలుకు. సిద్ధాంతపరమైన లెక్కల ప్రకారం మొత్తం సుమారు 7,000 దాకా ఉండవచ్చు. అంటే సగానికి సగం ఎవరి కంటా పడలేదు. కంటపడిన వాటిలోనూ చాలా వాటి గురించి "ఉంది" అన్న మాట తప్ప ఇంకేమీ తెలియదు. కేంద్రకంలో కణాలు పొరలు పొరలుగా నిండుతాయని మీరు తరగతిలో చదివిన కర్పర నమూనా, ప్రోటాన్లో న్యూట్రాన్లో సరిగ్గా ఇన్ని ఉంటే కేంద్రకం గట్టిగా ఉంటుందని చెప్పే 2, 8, 20, 28, 50, 82, 126 అనే మ్యాజిక్ సంఖ్యలు, ఇవన్నీ 1949లో మరియా గెప్పర్ట్ మేయర్, హాన్స్ యెన్సన్ అప్పటికి తెలిసిన స్థిర కేంద్రకాలనూ వాటి ఇరుగుపొరుగునూ చూసి నిలబెట్టినవి. 1963లో దానికి నోబెల్ వచ్చింది. న్యూట్రాన్లు మరీ ఎక్కువైన చోట ఆ సంఖ్యలు నిలుస్తాయా అన్నది వేరే ప్రశ్న. కొన్ని చోట్ల నిలవవు. పరీక్షకు చదివే గైడ్లలో ఈ ముక్క కనిపించకపోతే ఆశ్చర్యపోకండి.

పుట్టించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఐసోల్డేలో, కెనడాలోని ట్రయంఫ్‌లో వాడేది మొదటిది. ఐసోల్డేలో 140 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లు వచ్చి యురేనియం కార్బైడ్ బిళ్లల మీద పడతాయి. జానెడు పొడవున్న టాంటలం గొట్టంలో ఆ బిళ్లలను వరుసగా పేర్చి, గొట్టాన్ని దాదాపు 2,000 డిగ్రీల సెల్సియస్ వరకు కాలుస్తారు. ప్రోటాన్ దెబ్బకు యురేనియం కేంద్రకాలు రకరకాలుగా ముక్కలవుతాయి. ఒక్కో ముక్క బిళ్ల లోపల ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఆ వేడికి అది రేణువుల సందుల్లోంచి పాకుతూ బయటికి రావాలి. గొట్టం గోడలకు తగులుతూ, అంటుకుంటూ, విడిపోతూ ఒక సన్నని దారిలో అయాన్ మూలం దాకా చేరాలి. అక్కడ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే అయాన్ అవుతుంది. అప్పుడు వోల్టేజి దాన్ని బయటికి లాగుతుంది. ఈ ప్రయాణం కొన్ని మూలకాలకు మిల్లీసెకన్లలో ముగుస్తుంది, కొన్నిటికి సెకన్లు పడుతుంది, ఇంకొన్నిటికి నిమిషాలు. దారిలో చనిపోయేవి చనిపోతాయి. టంగ్‌స్టన్ లాంటి మొండి మూలకాలైతే ఆ వేడికి కూడా కదలవు. పైగా వాడేకొద్దీ బిళ్లల్లోని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సందులు మూసుకుపోతాయి, దిగుబడి పడిపోతుంది. ఈ బిళ్లలు తయారు చేసేది రసాయన శాస్త్రం వాళ్లు, పదార్థ శాస్త్రం వాళ్లు. వాళ్లు లేకపోతే మాకు పని లేదు. భౌతికశాస్త్రం వాళ్లు ఈ మాట ఒప్పుకోవడానికి ఎందుకో మొరాయిస్తారు.

బయటికి వచ్చిన అయాన్లను అయస్కాంతంతో ద్రవ్యరాశి ప్రకారం వేరుచేస్తారు. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇది మీ నాన్నగారికి నాకన్నా బాగా అర్థమవుతుంది. 60 కౌంటు అంటే కిలోకు 60 రొయ్యలు తూగుతాయని. అది వనామియా, టైగరా అన్నది కౌంటు చెప్పదు. అయస్కాంతం చెప్పేదీ అంతే. మీకు 30 ప్రోటాన్లు, 50 న్యూట్రాన్లు ఉన్న జింక్-80 కావాలనుకోండి. 37 ప్రోటాన్లు, 43 న్యూట్రాన్లు ఉన్న రుబీడియం-80 కూడా అదే దారిలో వస్తుంది. రుబీడియం వేడి లోహాన్ని తాకితే చాలు, ఎలక్ట్రాన్‌ను వదిలేసి అయాన్ అయిపోతుంది. అందువల్ల అది జింక్‌ను ముంచెత్తేంతగా వస్తుంది. దీనికి మూడు మందులు ఉన్నాయి. మొదటిది, ప్రోటాన్లను నేరుగా యురేనియం మీద వేయకుండా పక్కనే పెట్టిన టంగ్‌స్టన్ కడ్డీ మీద వేస్తారు. అందులోంచి వచ్చే న్యూట్రాన్లు యురేనియాన్ని విచ్ఛిత్తి చేస్తే ఈ రకం రుబీడియం తక్కువగా పుడుతుంది. రెండోది, దారిలో క్వార్ట్జ్ గొట్టం పెడతారు. రుబీడియం దానికి అంటుకుపోతుంది, జింక్ జారిపోతుంది. మూడోది లేజర్లు. జింక్ ఎలక్ట్రాన్ మెట్లకు సరిగ్గా సరిపోయే రంగులు రెండు మూడు వరుసగా వేస్తే జింక్ పరమాణువు మాత్రమే అయాన్ అవుతుంది. మిగతా మూలకాలకు ఆ కాంతి పట్టదు. ఈ మూడూ కలిపితే గానీ జింక్-80 చేతికి రాదు.

రెండో పద్ధతిలో ఇది తలకిందులవుతుంది. బరువైన అయాన్లనే వేగంగా నడిపి పలుచని లక్ష్యం గుండా పంపుతారు. ముక్కలు దాదాపు అదే వేగంతో ముందుకు పోతుంటే అయస్కాంతాలు దారిలోనే వేరుచేస్తాయి. జపాన్‌లోని రికెన్‌లో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 2022లో ప్రారంభమైన ఎఫ్‌రిబ్‌లో ఇదే పద్ధతి. మూలకం ఎంత మొండిదైనా ఫరవాలేదు. కానీ వచ్చేది కాంతి వేగంలో సగం వేగంతో. అందుకని కొన్ని పలకల గుండా పోనిచ్చి, చివరికి శుద్ధమైన హీలియం నింపిన గదిలోకి వదులుతారు. హీలియం పరమాణువులను ఢీకొంటూ ఢీకొంటూ అది నెమ్మదిస్తుంది. హీలియమే ఎందుకంటే, దాని నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కోవడం ఏ మూలకానికీ అంత తేలిక కాదు. అందుకే మన అయాన్ తన ఆవేశం పోగొట్టుకోకుండా మిగులుతుంది. అప్పుడు విద్యుత్ క్షేత్రాలతో దాన్ని మెల్లగా బయటికి రప్పిస్తారు. వాయువులో మలినం కాస్త ఉన్నా కథ కంచికే. ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో 1980ల నుంచి ఇలాంటి వాయు పద్ధతితోనే పనిచేస్తున్నారు.

ఏ దారిన వచ్చినా అయాన్లు ఆ తర్వాత మరోసారి పలుచని హీలియంలో, రేడియో తరంగాల కంచె మధ్య చల్లబడి, గుంపులు గుంపులుగా ప్రయోగానికి వెళ్తాయి.

రంగం పాతబడిందా అని అడిగారు. వయసు మాటకొస్తే, ఈ తరహా మొదటి ప్రయోగం 1951లో కోపెన్‌హాగన్‌లో కోఫోడ్-హాన్సెన్, నీల్సెన్ అనే ఇద్దరు చేశారు. యురేనియం విచ్ఛిత్తిలో పుట్టిన క్రిప్టాన్ వాయువును గొట్టం గుండా నేరుగా సెపరేటర్‌లోకి రప్పించారు. కానీ ఆసక్తికరమైన ఫలితాలు ఎక్కువగా గత ఇరవై, ముప్పై ఏళ్లలో వచ్చినవే. ఒకటి దగ్గరగా చూపిస్తాను.

లిథియం-11. మూడు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు. అర్ధాయువు 8.75 మిల్లీసెకన్లు. 1985లో ఇసావో తనిహాతా బృందం అమెరికాలోని బర్క్‌లీలో దీన్ని పెద్ద శక్తితో పంపి, లక్ష్యాలను ఎంత తరచుగా తాకుతుందో చూసింది. ఉండవలసిన దానికన్నా చాలా పెద్దదిగా తేలింది. చివరి రెండు న్యూట్రాన్లు మిగతా కేంద్రకానికి దూరంగా మసకగా పరచుకుని ఉన్నాయి. వాటి విస్తృతి 208 కణాలున్న సీసం కేంద్రకమంత ఉంటుంది. అంటే కనిపెట్టింది పెద్ద శక్తి పుంజమే. దీన్ని దాచి మా రంగాన్ని పొగుడుకోవడం నాకు నచ్చదు. అయితే ఆ రెండు న్యూట్రాన్లు ఎంత వదులుగా ఉన్నాయో తెలియాలంటే తూకం కావాలి. పాత తూకాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 2008లో ట్రయంఫ్‌లోని టైటన్ అనే పెన్నింగ్ ట్రాప్‌లో దీన్ని తూచారు.

ఆ తూకం ఎలా ఉంటుందంటే, 3.7 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో అయాన్‌ను బంధిస్తారు. అది గుండ్రంగా తిరుగుతుంది. ఎంత బరువైతే అంత నెమ్మదిగా తిరుగుతుంది. మీ దగ్గర కాలిక్యులేటర్ ఉంటుంది కదా, ఆవేశాన్ని క్షేత్రంతో గుణించి, ద్రవ్యరాశితోనూ 2πతోనూ భాగించి చూడండి. లిథియం-11 అయాన్ సెకనుకు 50 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. ఒక్క అర్ధాయువు గడిచేలోపు దాదాపు 45 వేల చుట్లు. బయటి నుంచి రేడియో తరంగం వేసి దాని పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతారు. అది అయాన్ చుట్లతో సరిగ్గా కలిసినప్పుడు అయాన్ శక్తి పుంజుకుంటుంది. ట్రాప్ తలుపు తీస్తే డిటెక్టర్ దగ్గరికి మిగతావాటికన్నా ముందు చేరుతుంది. ఏ పౌనఃపున్యం దగ్గర అలా తొందరగా వచ్చిందో చూస్తే బరువు తెలిసిపోతుంది. రెండు న్యూట్రాన్లనూ పీకడానికి కావలసిన శక్తి 3.69 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులని తేలింది. మామూలు కేంద్రకంలో ఒక్క న్యూట్రాన్‌ను పీకడానికే 60 నుంచి 80 లక్షలు కావాలి. ఎంత వదులో చూడండి.

దీనికి కొసమెరుపు లేజరు కొలత. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కాబట్టి, రెండు న్యూట్రాన్లు చేరినంత మాత్రాన ఆవేశం పరచుకున్న వ్యాసార్ధం మారనవసరం లేదనిపిస్తుంది. 2006లో ట్రయంఫ్‌లోనే కొలిస్తే లిథియం-9లో సుమారు 2.2 ఫెమ్టోమీటర్లు ఉన్నది లిథియం-11లో 2.5 దాకా పెరిగింది. కారణం, దూరంగా తిరిగే న్యూట్రాన్లతో సమతూకం కోసం లోపలి లిథియం-9 గర్భం కూడా ఉమ్మడి గురుత్వ కేంద్రం చుట్టూ ఊగుతుంది. దానితో పాటు ప్రోటాన్లూ ఊగుతాయి. అందుకే ఆవేశం పలచబడినట్టు కనిపిస్తుంది. పరమాణువు పీల్చుకునే కాంతి రంగులో అతి స్వల్పమైన తేడా నుంచి ఇదంతా లాగారు. ఈ విషయం నేను ఎన్నిసార్లు పాఠం చెప్పినా నాకు విసుగు రాలేదు.

లేజరు పద్ధతుల్లో తమాషా ఒకటి ఉంది. అయాన్ పుంజం ఎదురుగా లేజరు వేసేటప్పుడు అయాన్‌ను మరీ నెమ్మదిగా ఉంచరు. 30 వేలో, 60 వేలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంచుతారు. శక్తిలోని చెదురు మారకుండా వేగం పెరిగితే వేగంలోని చెదురు తగ్గుతుంది. దాంతో వేగాల తేడా వల్ల రంగు చెదిరే డాప్లర్ మసక తగ్గి వర్ణరేఖ సన్నబడుతుంది. mv²/2 ను అవకలనం చేయండి, రెండు పంక్తుల్లో వస్తుంది. ఇంటర్వ్యూలో అడిగే అవకాశం చాలా ఉంది.

మ్యాజిక్ సంఖ్యల సంగతి చెప్పాను కదా. 1975లో సెర్న్‌లో ఫ్రాన్సుకు చెందిన బృందం సోడియం ఐసోటోపులను తూచింది. న్యూట్రాన్ల సంఖ్య 20 దగ్గరికి వచ్చేసరికి సోడియం-31, 32 అనుకున్నదానికన్నా గట్టిగా కట్టుబడి ఉన్నాయి. గుండ్రంగా ఉండవలసినవి సాగిపోయాయి. 20 అనే మ్యాజిక్ సంఖ్య అక్కడ చెల్లలేదు. పొరుగునున్న మెగ్నీషియం-32 కూడా అంతే. మరోచోట కొత్త సంఖ్య పుట్టింది. కాల్షియం-53, 54లను 2013లో ఐసోల్డేలో తూస్తే, 32 న్యూట్రాన్ల దగ్గర మ్యాజిక్ లక్షణం స్పష్టంగా కనిపించింది. సరే, తేలిపోయిందనుకున్నారు. 2016లో కాల్షియం-52 వ్యాసార్ధం కొలిస్తే అది పొందికగా ఉండవలసింది పోయి అనుకున్నదానికన్నా పెద్దదిగా వచ్చింది. తూకం మ్యాజిక్ అంటుంది, సైజు కాదంటుంది. ఇలాంటి చోటే పీహెచ్‌డీలు పండుతాయి. పాదరసం ఇంకా విచిత్రం. 1972లో దాని తేలిక ఐసోటోపులను కొలుస్తుంటే 187 నుంచి 185కు రాగానే వ్యాసార్ధం ఎగిరి దూకింది. ఆ తర్వాత ఒక్కో న్యూట్రాన్ తగ్గేకొద్దీ ఒకటి గుండ్రంగా, తర్వాతిది కోలగా మారుతూ పోయింది. ఆ ఊగిసలాట ఎక్కడ ఆగుతుందో తేలింది 2018లో.

ఇప్పుడు మీ నల్ల ఇసుక.

పైన చెప్పినవి నిలబెట్టి కొలిచేవి. తక్కువ శక్తి పుంజాలకు ఇంకో అర్థం కూడా ఉంది. అయాన్లను మళ్లీ కొంచెం త్వరణం చేసి, రెండు కేంద్రకాలు ఒకదాన్నొకటి తాకలేనంత శక్తి దగ్గరే ఆపేస్తారు. ధనావేశాలు వికర్షించుకుంటాయి కాబట్టి ఒకదాని పక్క నుంచి ఒకటి వెళ్లిపోతాయి. మధ్యలో పనిచేసేది విద్యుత్ బలమొక్కటే. ఆ బలం గురించి మనకు అణుమాత్రం సందేహం లేదు. కాబట్టి కేంద్రకం ఎలా ఉత్తేజితమై ఏ గామా కిరణం విడిచిందో చూసి ఆకారం లెక్కకట్టవచ్చు. శక్తి పెంచితే అవి తాకుతాయి, ఆ లెక్క కలుషితమవుతుంది. 2013లో ఐసోల్డేలో ఇలాగే రేడియం-224, రేడాన్-220 పుంజాలను కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్‌కు, న్యూట్రాన్‌కు 28 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల చొప్పున శక్తితో పంపి, రేడియం-224 ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా బేరిపండు ఆకారంలో ఉందని నిరూపించారు. ఇలాంటి కేంద్రకాల్లో ఒక రకం విద్యుత్ అసమానత కోసం వెదుకుతున్నారు. అది కనిపిస్తే విశ్వంలో పదార్థం మిగిలి ప్రతిపదార్థం ఎందుకు లేకుండా పోయిందో తెలుసుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఆ రేడియం-224, రేడాన్-220 రెండూ మన అంతర్వేది ఇసుకలో ఉన్నాయి! దక్కను రాళ్లూ తూర్పు కనుమల రాళ్లూ అరిగి గోదావరి వెంట వచ్చి, కెరటాలు తేలికపాటి ఇసుకను జాడించేస్తే మిగిలే నల్ల చారలు మీరు చూసే ఉంటారు. నలుపు ఇల్మనైట్, మ్యాగ్నటైట్‌లది. రేడియోధార్మికత వాటిది కాదు, వాటి మధ్య అక్కడక్కడా ఉండే తేనె రంగు మోనజైట్ రేణువులది. అందులో థోరియం ఉంటుంది. థోరియం-232 అర్ధాయువు సుమారు 1,400 కోట్ల ఏళ్లు. అది మెట్లు మెట్లుగా క్షీణిస్తూ దారిలో రేడియం-224గా, తర్వాత రేడాన్-220గా మారుతుంది. రేడియం-224 అర్ధాయువు 3.6 రోజులు, రేడాన్-220ది ఒక నిమిషం లోపు.

మరి యంత్రం దేనికి? లెక్క చూడండి. పాత ఖనిజంలో థోరియం, రేడియం-224 రెండూ సమతాస్థితిలో, అంటే రేడియం ఎంత పుడుతుందో అంతే క్షీణించే స్థితిలో ఉంటాయి కాబట్టి, వాటి సంఖ్యల నిష్పత్తి అర్ధాయువుల నిష్పత్తికి సమానం. 1.4 లక్షల కోట్ల థోరియం పరమాణువులకు ఒక్క రేడియం-224. ఒక గ్రాము థోరియంలో దాదాపు 180 కోట్ల రేడియం-224 పరమాణువులు ఉన్నాయి. తక్కువేమీ కాదు. కానీ అవి ఇసుక రేణువు లోపల, స్ఫటికంలో బిగిసి, కోటానుకోట్ల థోరియం మధ్య ఉన్నాయి. ఆకారం కొలవాలంటే అవే, అవి మాత్రమే, ఒక దిశలో, ఒకే శక్తితో, క్షణక్షణం వేల సంఖ్యలో లక్ష్యం మీదికి రావాలి. మనం డబ్బు పోసి కట్టేది ఆ ఏర్పాటుకు. రేడియం-224కు కనీసం ఇసుకలో చోటుంది. లిథియం-11కు, కాల్షియం-54కు భూమి మీద మరెక్కడా చోటు లేదు.

మీ కళాశాలలో గైగర్ కౌంటర్ ఉంటే, మీ మాస్టారి అనుమతితో సముద్రపు ఒడ్డుకు పట్టుకెళ్లండి. నల్ల చార మీద పది నిమిషాలు, మామూలు ఇసుక మీద పది నిమిషాలు, మళ్లీ చార మీద పది నిమిషాలు లెక్కపెట్టండి. తేడా, లెక్క వర్గమూలం కన్నా ఎన్ని రెట్లుందో చూడండి. ఇసుకను మాత్రం ఇంటికి మోసుకురావద్దు. మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలో ఉన్న ఖనిజం.

ఈ చదువు వల్ల ఉపయోగమేమిటని ఇంట్లో అడుగుతారు. బంగారం లాంటి బరువైన మూలకాలు న్యూట్రాన్లు వెల్లువెత్తే చోట క్షణాల్లో తయారవుతాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంకేతం అందినప్పుడు అలాంటి చోటు ఒకటి కళ్లబడింది. అక్కడ ఏ మూలకం ఎంత తయారవుతుందో లెక్కకట్టాలంటే ఈ కేంద్రకాల బరువులు, అర్ధాయువులే కావాలి. వైద్యం వైపు సెర్న్‌లోనే మెడిసిస్ అనే విభాగం 2017 నుంచి ఐసోల్డే దాటివచ్చిన ప్రోటాన్లతో వైద్య పరిశోధనకు ఐసోటోపులు తీస్తోంది. టెర్బియం అన్న ఒక్క మూలకంలోనే స్కానింగుకు పనికొచ్చేవి, కణితిని కాల్చడానికి పనికొచ్చేవి నాలుగు ఐసోటోపులు ఉన్నాయి.

ఇక మన దేశం. కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ ఐసోల్డే తరహా పుంజాల మీద చాలాకాలంగా పనిచేస్తోంది. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ (ఐయూఏసీ) ఉంది. లిథియం-7 పుంజాన్ని హైడ్రోజన్ ఉన్న పలుచని పొర మీద వేసి, బెరీలియం-7 పుంజాన్ని అక్కడ తీశారు. అది విశ్వవిద్యాలయాల వాళ్ల కోసమే పెట్టిన కేంద్రం కాబట్టి మీలాంటివారికి తలుపు తెరిచే ఉంటుంది. భారత్ 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. జర్మనీలో కడుతున్న ఫెయిర్ అనే త్వరణ కేంద్రంలోనూ భాగస్వామి. పచ్చిగా చెప్పాలంటే, మన దగ్గర ఈ తరహా పుంజాలు ఇంకా తక్కువే. మీ అసలు కొలతలు విదేశంలో జరిగే అవకాశమే ఎక్కువ. ఏడాదికి కొద్ది రోజుల బీమ్ టైమ్, అంటే పుంజం వాడుకునే సమయం దొరుకుతుంది. ఆ రోజుల్లో యంత్రం చెడితే ఆ ఏడాది అంతే. ప్రచురించిన వ్యాసంలో మీ పేరు ముప్పై పేర్ల మధ్య ఎక్కడో ఉంటుంది. ఇవి ఎవరూ ప్రకటనలో రాయరు.

పల్లెటూరి నుంచి వచ్చానన్న బెరుకు మీ రాతలో కనిపించింది. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన ఒక సన్యాసి, స్వామి జ్ఞానానంద, ప్రాగ్‌లో చదివి, లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన ఛాడ్విక్ ప్రయోగశాలలో బీటా కిరణాల మీద పనిచేసి, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. అధిక శూన్యం మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు. మా అయాన్ గొట్టాల్లో పీడనం వాతావరణంలో దాదాపు వెయ్యి కోట్లో వంతు ఉండాలి. ఆ విద్య తెలియకపోతే ఒక్క అయాన్ కూడా చివరి దాకా రాదు. కాబట్టి మీరు చేరేలోపు నేర్చుకోవలసింది ఏమిటంటే వ్యాక్యూమ్ పంపులు, గేజీలు, డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్, పైథాన్ లేదా సీ ప్లస్ ప్లస్. క్వాంటం మెకానిక్స్ ఎలాగూ చదువుతారు. రాత్రి షిఫ్టులు ఉంటాయి. ఏరేటర్ ఆగిందని అర్ధరాత్రి లేచి పరుగెత్తే ఇంట్లో పెరిగారు కాబట్టి దాని గురించి మీకు చెప్పనక్కర్లేదు.

నాన్నగారికి చెప్పవలసింది జీతం సంగతి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. గేట్, జెస్ట్ ప్రవేశ పరీక్షలు కూడా రాయండి. బీఎడ్ తర్వాతైనా చేయవచ్చు. ఎమ్మెస్సీ తాజాగా ఉండగా రాసే పరీక్షలు మాత్రం ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతాయి. ఏం చేయమంటారని అడిగారు కాబట్టి నా మాట, దరఖాస్తు చేయండి.

దరఖాస్తు చేసే ముందు ఆ ఆచార్యుడికి ఒక మెయిల్ రాయండి. కొలతలు ఏ కేంద్రంలో జరుగుతాయి? ఆమోదం పొందిన బీమ్ టైమ్ ఇప్పటికే ఉందా? బీమ్ లేని నెలల్లో విద్యార్థి ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చూసుకోండి. ఒక డిటెక్టర్ కట్టించడమో, ట్రాప్ భాగం ఏదైనా చేతికివ్వడమో, ఉన్న డేటా విశ్లేషణ అప్పగించడమో చెబితే చేరండి. "అప్పుడు చూద్దాం" అని రాస్తే ఇంకో ప్రకటన కోసం ఆగండి.